తాటివనమే మన వైన్ ఎస్టేట్!

నాలుగు తరాల గీత... ఐదో తరం గల్ఫ్‌లో! మరి వచ్చే ఏడు చెట్టెక్కేదెవరు?

అల్ ఘర్రాఫా (ఖతార్) నుంచి

వైన్ ఎస్టేట్ అనగానే మనకు ఫ్రాన్సో, ఇటలీయో గుర్తొస్తుంది. కొండవాలు మీద ద్రాక్షతోట, పక్కనే రాతి ఇల్లు, నేల కింద గదిలో చెక్క పీపాలు. తాత చేసిన పనే తండ్రి చేస్తాడు, తండ్రి చేసిన పనే కొడుకు చేస్తాడు. ‘మాది ఫలానా కుటుంబం తోట, ఇది ఫలానా ఏడాది పంట’ అని సీసా మీద గర్వంగా అచ్చేసుకుంటారు. ప్రపంచం వేలకు వేలు పోసి కొనుక్కుంటుంది. బాగానే ఉంది. మరి మన ఊళ్లో చెరువుకట్ట కింద, నాలుగు తరాలుగా ఒకే కుటుంబం కన్నబిడ్డల్లా చూసుకుంటున్న తాటివనాన్ని ఏమనాలి? అక్కడ దొరికేదీ చెట్టు రసం పులిస్తే వచ్చే పానీయమే కదా! కాకపోతే దానికి సీసా లేదు, చీటీ లేదు, బడాయి లేదు. తాటాకు రేక పట్టి తాగేస్తాం, మూతి తుడుచుకుంటాం, ఇంటికి పోతాం.

ఈ మాట మేం ఊరికే అనడం లేదు. అల్ ఘర్రాఫాలో మేం ఉంటున్న ఇంట్లో ఎనిమిది మందిమి. జగిత్యాల, నిజామాబాద్, సిద్దిపేట జిల్లాల వాళ్లం ఏడుగురం, కోనసీమ ఆయన ఒకరు. అందరం కట్టడం పనుల్లోనే. మాలో ఇద్దరు గౌడన్నలు. ఒకాయనది జగిత్యాల జిల్లాలో ఓ పల్లె. ఆ కుటుంబానికి ముప్పై చిల్లర తాటిచెట్లు, పది పన్నెండు ఈతచెట్లు గీతకు ఉన్నాయి. నాయన వయసు అరవై దాటింది. ‘ఈ యేడుతోని నా కాళ్లు బంద్’ అని ఆయన ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఇదే చర్చ. కొడుకు పోవాలా? చెట్లు వదిలేయాలా? ఇంకెవరికన్నా అప్పగించాలా? గల్ఫ్‌లో ఉన్న గీత కుటుంబాల పిల్లలు వేలమందికి ఇదే ప్రశ్న ఎదురవుతోంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఖర్జూరం, ఈత... ఒకే తల్లి పిల్లలు

అల్ ఘర్రాఫాలో ఏ రోడ్డు పక్కన చూసినా ఖర్జూరం చెట్లే. కొత్తగా వచ్చిన మనవాళ్లు వాటిని చూడగానే ‘అరే, ఈతచెట్లు!’ అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. శాస్త్రజ్ఞులు రెంటికీ ఒకే ఇంటిపేరు పెట్టారు. ఖర్జూరం ఫీనిక్స్ డాక్టిలిఫెరా అయితే మన ఈత ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్. ఎడారికి వచ్చింది అన్న అయితే, చెరువుకట్టల మీద ఉండిపోయింది తమ్ముడన్నమాట! తాడి మాత్రం వేరే వంశం. దాని పేరు బొరాసస్.

ఖతార్‌వాళ్లు ఖర్జూరాన్ని ఎంత గౌరవిస్తారో ఇక్కడ ఉన్నవాళ్లకు తెలుసు. ఏటా వేసవిలో దోహా సూక్ వాకిఫ్‌లో స్థానిక ఖర్జూరాల సంత పెడతారు. ఖలాస్, ఖెనైజీ, షీషీ, బర్హీ అని రకరకాల పండ్లు. ప్రతి తోట యజమానీ తన బల్ల దగ్గర నిలబడి తన పండు గొప్ప చెప్పుకుంటాడు. ఖర్జూరానికి సంబంధించిన పనితనాన్ని, ఆచారాలను యునెస్కో 2019లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. 2022లో ఆ జాబితాలో ఖతార్ పేరూ చేరింది. చెట్టెక్కి మగపూల రెమ్మలు తెచ్చి ఆడగెలల్లో కట్టడం, గెలను తాడుతో దించడం, మట్టలు నరకడం... వీటన్నిటినీ వారసత్వంగానే లెక్కగట్టారు. మన మోకు, మన లొట్టి, మన గీత కత్తి ఏ జాబితాలో ఉన్నాయి?

ముప్పై చెట్ల ఎస్టేటు

మా గౌడన్న ఇంటి లెక్క చెప్తాం. ముప్పై చెట్లంటే ముప్పై చెట్లనూ ఒకేసారి గీయరు. ఏ కాలంలో ఏ చెట్టు పాలిస్తుందో చూసుకుని కొన్ని గీస్తారు, కొన్నింటికి విశ్రాంతి ఇస్తారు. పోతుతాడుకు ఒక కాలం, గెలవేసే పెంటితాడుకు ఒక కాలం, ఈతకు చలికాలం. ఇలా వంతులు పెట్టుకుంటేనే ఏడాదిలో ఎక్కువ నెలలు ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ద్రాక్షతోట వాళ్లయినా ఇంతే కదా, ఏ దిబ్బ మీది తీగ ముందు పండుతుందో, ఏది ఆలస్యమో తాతల నుంచి తెలుసుకుంటూ వస్తారు.

ప్రతి చెట్టుకూ ఓ పేరుంది. కట్ట మీది తాడు, బావి తాడు, వంకతాడు, పిడుగు పడ్డ తాడు. వంకతాడు కల్లు తియ్యగా ఉంటుందనీ, బావి తాడుది కాస్త చప్పగా ఉన్నా ఎక్కువ పారుతుందనీ ఆ ఇంట్లో చిన్నపిల్లలక్కూడా తెలుసు. వైన్‌వాళ్లు దీన్నే ‘నేల రుచి’ అని పుస్తకాలు రాసుకుంటారు. ఫ్రాన్సులో బర్గండీ అనే ప్రాంతం ఉంది. అక్కడ ఒక గట్టు ఇవతలి ద్రాక్షకు ఒక పేరు, అవతలి ద్రాక్షకు ఇంకో పేరు. ఆ మడులను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన నాయనలకు ఈ సంగతి తెలిస్తే ‘గదేం పెద్ద ముచ్చట’ అని నవ్వుతారు!

తాడి ఇవాళ నాటితే రేపు ఫలితమిచ్చే చెట్టు కాదు. గింజ పెట్టాక మొదటి గెల చూడాలంటే పన్నెండు నుంచి ఇరవై ఏళ్లు ఆగాలి. అది పోతో పెంటో కూడా అప్పటిదాకా తెలియదు. అంటే తాడి పెట్టేవాడు తన కోసం పెట్టుకోడు, కొడుకు కోసం పెడతాడు. ఆ కొడుకేమో ఖతార్‌లో కాంక్రీటు పోయిస్తున్నాడు!

కల్లు దిగే తీరు

కల్లు తాగే వాళ్లలో చాలామందికి కల్లు ఎలా దిగుతుందో తెలియదు. చెట్టుకు కొళాయి తిప్పినట్టు కారుతుందనుకుంటారు. దాని వెనక ఎంత పనితనం ఉందో మా గౌడన్నలు చెప్తుంటే డిప్లొమా చదివిన మాకు కూడా ఆశ్చర్యమే.

ముందు చెట్టును సిద్ధం చేయాలి. ఎండుమట్టలు నరికి తల శుభ్రం చేస్తారు. పూగెల బయటికి రాగానే దాన్ని కట్టి, కర్రతో కొన్నాళ్లపాటు మెల్లగా నొక్కుతూ, తడుతూ పోతారు. గట్టిగా కొడితే గెల చచ్చిపోతుంది, మెత్తగా కొడితే పాలివ్వదు. ఎంత దెబ్బ కొట్టాలో చేతికి తెలియాలి, నోటితో చెప్తే వచ్చే విద్య కాదది. తర్వాత గెల కొసను పలచగా, అగ్గిపుల్ల మందం కూడా లేకుండా చెక్కుతారు. బొట్టు బొట్టుగా రసం కారడం మొదలవుతుంది. కింద లొట్టి కడతారు. రోజుకు రెండుసార్లు, మంచి అదనులో మూడుసార్లు ఎక్కి, ఆ కొసను మళ్లీ పలచగా చెక్కాలి. ఒక్కపూట మానితే కోత ఎండిపోయి రసం ఆగిపోతుంది. అందుకే గీత కార్మికుడికి ఆదివారం లేదు, పండగ లేదు, పెళ్లి లేదు, జ్వరం అసలే లేదు.

ఈతచెట్టు పద్ధతి వేరు. దానికి గెలను కాదు, తల కింద కాండాన్నే ఒక పక్క చెక్కి, లోపలి మెత్తటి భాగం బయటపడేలా చేసి, గాటు పెట్టి లొట్టి కడతారు. మరుసటి ఏడు రెండోపక్క. అలా ఏటా పక్క మారుస్తూ పోతే చెట్టు మీద మెట్లు మెట్లుగా గాట్లు మిగులుతాయి. ఆ గాట్లు లెక్కపెడితే ఎన్నేళ్లు గీశారో తెలిసిపోతుంది. లోతుగా చెక్కితే రసం ఎక్కువొస్తుంది గానీ చెట్టు చస్తుంది. ఈ ఏడాది రెండు లీటర్లు తక్కువైనా చెట్టు బతకాలి, వచ్చే ఏడు మళ్లీ పాలివ్వాలి అనుకునేవాడే అసలు గీత కార్మికుడు. ఒక ఏడాదికి కాంట్రాక్టు పట్టినవాడికి ఆ బాధ ఉండదు. తోట కుటుంబం చేతిలో ఉండాలనడానికి ఇంతకన్నా కారణం ఏం కావాలి?

పులియబెట్టేది ఎవరు?

చెట్టులోంచి కారే రసంలో మత్తు ఉండదు. అదే నీరా. వంద మిల్లీలీటర్లలో పదీ పదిహేను గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. కారడం మొదలైన క్షణం నుంచే గాలిలోని, పురుగుల కాళ్లకు అంటుకున్న, లొట్టి గోడలకు పట్టి ఉన్న ఈస్టు కణాలూ బాక్టీరియా అందులో చేరతాయి. చక్కెరను తిని సారాయం, బొగ్గుపులుసు వాయువు వదులుతాయి. ఆ వాయువే నురగ. మన ఎండకు కొన్ని గంటల్లోనే పని మొదలవుతుంది. పొద్దటి కల్లు తియ్యగా, మాపటి కల్లు ఘాటుగా ఉండేది అందుకే. ఒక రోజు గడిస్తే నాలుగైదు శాతం సారాయం చేరుతుంది. ఆ తర్వాత పుల్లబడి వెనిగర్ దారి పడుతుంది.

ద్రాక్ష వైన్ కథా ఇదే, కాకపోతే నిదానం. పండు నలిపి పెడితే రోజులు, వారాలు పులుస్తుంది. పన్నెండు, పదమూడు శాతం దాకా సారాయం చేరుతుంది. దాంతో అది ఏళ్లు నిలుస్తుంది, ఓడలెక్కి దేశాలు తిరుగుతుంది. కల్లు ఊరు దాటితే పాడవుతుంది. అందుకే దానికి మార్కెట్ లేదు, పేరు లేదు. కల్లుకు లోకంలో గౌరవం దక్కకపోవడానికి కారణం రుచి కాదు, గడియారం!

నీరాగానే ఉంచాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి, లేదా చల్లగా ఉంచాలి. సున్నం ఈస్టును అణచిపెడుతుంది. ఆ నీరాను కాస్తే తాటిబెల్లం. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో తెలంగాణ ప్రభుత్వం 2023 మేలో ప్రారంభించిన నీరా కేఫ్ ఆలోచన కూడా ఇదే. పులియకముందే చల్లబరిచి అమ్మడం. ఊళ్లలో చల్లబరిచే ఏర్పాటు ఉంటే గీత కుటుంబానికి కల్లు ఒక్కటే దిక్కు కాకుండా పోతుంది.

జార్జియాలో మట్టికుండ, జుబారాలో ఖర్జూర పానకం

గల్ఫ్‌లో కాస్త జీతమున్న మనవాళ్లు సెలవులకు జార్జియా దేశం పోయి వస్తుంటారు. అక్కడి పల్లెల్లో వైన్‌ను ఇప్పటికీ మట్టికుండల్లోనే చేస్తారు. క్వెవ్రీ అనే గుడ్డు ఆకారపు పెద్ద కుండను మెడదాకా నేలలో పాతిపెడతారు. ద్రాక్షను తొక్కి, తోలు, గింజలతో సహా అందులో పోసి మూత బిగించి, ఐదారు నెలలు వదిలేస్తారు. బయటి ఈస్టు కలిపేది లేదు. పండు మీద, కుండలో ఉన్నదే పనిచేస్తుంది. ఆ కుండలుండే గదిని ఇంట్లో పవిత్రమైన చోటుగా చూస్తారు. ఈ పద్ధతిని 2013లో యునెస్కో వారసత్వంగా గుర్తించింది. అక్కడి తవ్వకాల్లో దొరికిన కుండపెంకులను పరీక్షించి, ఎనిమిది వేల ఏళ్ల కిందటే ద్రాక్ష వైన్ చేశారని 2017లో శాస్త్రజ్ఞులు తేల్చారు. ఇవాళ ఆ చిన్న కుటుంబాల వైన్ కోసం లండన్, టోక్యోల నుంచి బేరాలొస్తున్నాయి. కుండ, కుటుంబం, కల్తీ లేని పులుపు... ఈ మూడే వాళ్ల పెట్టుబడి. ఈ మూడూ మన గౌడన్నల దగ్గరా ఉన్నాయి.

ఇక ఖతార్ సంగతి. ఇక్కడ మద్యం తయారు చేయడం నేరం. ఖర్జూరం గీసే ఆచారమూ లేదు. గీస్తే ఆ చెట్టు పండ్లు పోతాయి. ట్యునీషియావైపు మాత్రం ఖర్జూరం తల గీసి ‘లగ్మీ’ అనే రసం తీస్తారు. పులియకముందు తాగితే అచ్చం మన నీరా. ఖతార్‌లో ఖర్జూరం నుంచి తీసేది పానకం. ఉత్తరాన అల్ జుబారా అనే పాత ఓడరేవు శిథిలాలున్నాయి. 1811లో ధ్వంసమైన ఆ పట్నాన్ని 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. అక్కడి ఇళ్లలో ‘మద్‌బసా’ అనే చిన్న గదులు బయటపడ్డాయి. నేలంతా గచ్చు చేసి వరుసగా కాలువలు తీశారు. వాటి మీద ఖర్జూరం బస్తాలు ఒకదానిపై ఒకటి పేరిస్తే, ఆ బరువుకే పానకం కారి, కాలువల్లోంచి కుండలోకి చేరేది. యంత్రం లేదు, మంట లేదు. కాంక్రీటు నేలకు వాలు పెట్టడంలో తలమునకలయ్యే మాలాంటి వాళ్లకు ఆ గచ్చు వాలు చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

మోకు మీద ప్రాణం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సైట్ల మీద ఎత్తులో పని చేయించడం మా వృత్తి. ఆ కంటితో చూస్తే గీత పని ఎలా కనిపిస్తుందో చెప్తాం.

బాగా పెరిగిన తాడి అరవై అడుగుల దాకా ఉంటుంది. కొన్ని ఎనభై, తొంభై దాటుతాయి. మోకు, ముత్తాదు భుజాన వేసుకుని, కత్తుల పొది నడుముకు కట్టుకుని గౌడన్న బయల్దేరుతాడు. మోకును చెట్టు చుట్టూ తిప్పి తన నడుముకు వేసుకుని, వెనక్కి వాలి, కాళ్లతో చెట్టును తన్ని పట్టుకుంటాడు. ఒళ్లు వెనక్కి వాలినంతసేపూ మోకు బిగిసి ఉంటుంది, జారదు. దీన్ని మా భాషలో ‘నిలబెట్టే కట్టు’ అంటాం. రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని పని చేసుకోవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. మన పెద్దల తెలివి అది. అయితే పడిపోతుంటే ఆపే కట్టు కాదది. మోకును పైకి జరపాలంటే ఒక క్షణం వదులు చేయాలి. ఆ క్షణంలో కాలు జారినా, మోకు తెగినా, తేనెటీగలు లేచినా, తల దగ్గర పాము కనిపించినా కింద నేలే దిక్కు. వానాకాలం చెట్టు పాచిపడితే ఇక చెప్పనక్కర్లేదు.

ఒక లెక్క చూడండి. పదిహేను చెట్లు, రోజుకు రెండుసార్లు, చెట్టు అరవై అడుగులంటే రోజుకు పద్దెనిమిది వందల అడుగులు పైకి, అంతే కిందికి. మీటర్లలో సుమారు 550. దోహాలోని ఆస్పైర్ టవర్ ఎత్తు 300 మీటర్లు. అంటే దాదాపు రెండు టవర్లు రోజూ చేతులతో, కాళ్లతో ఎక్కి దిగినట్టు! మా సైట్లో రెండు మీటర్ల పైన పనికి ఒంటికి పట్టే బెల్టు, రెండు కొక్కేలు ఉండాల్సిందే. ఒక కొక్కెం విప్పేలోపు రెండోది తగిలించి ఉండాలి. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాకా పగలు 10 గంటల నుంచి మూడున్నర వరకు ఎండలో పని నిషేధం. ఈ రక్షణలు ఊరికే రాలేదు, ప్రాణాలు పోయాకే వచ్చాయి. గీత కార్మికుడి విషయంలో అవి ఇప్పుడిప్పుడే మొదలయ్యాయి.

2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్ల పంపిణీ ప్రారంభించారు. గీత కార్మికుల దేవుడు కాటమయ్య పేరే పెట్టారు. తాళ్లు, బెల్టు, కొక్కేలతో కాలు జారినా చెట్టుకే వేలాడేలా చేసే ఏర్పాటిది. మంచి పని. కాకపోతే మేం సైట్లో నేర్చుకున్న రెండు సంగతులు దీనికి కలపాలి.

ఒకటి, బెల్టుతో ఎక్కితే ఆలస్యమవుతుంది. పదిహేను చెట్లవాడికి రోజులో గంట పోతే రెండో రోజే బెల్టు ఇంట్లో మేకుకు తగిలిస్తాడు. తిట్టి లాభం లేదు. చేతికి అలవాటయ్యేదాకా శిక్షణ ఇవ్వాలి, వారం పది రోజులైనా పక్కన నిలబడి నేర్పాలి. రెండు, బెల్టుకు వేలాడే మనిషిని త్వరగా దించాలి. కాళ్లలో రక్తం నిలిచి, నిమిషాల్లోనే స్పృహ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. మా సైట్లో అందుకే దించే మనుషులు, దించే తాడు ముందే సిద్ధంగా ఉంటారు. తెల్లారుజామున వనంలో ఒంటరిగా అరవై అడుగుల మీద వేలాడితే దించేదెవరు? కనీసం ఇద్దరిద్దరు కలిసి వెళ్లాలి. జేబులో ఫోను ఉండాలి. ఊళ్లో ఒకరిద్దరికైనా దించడం నేర్పాలి. పైసా ఖర్చు లేని పనులివి.

రెండు చావులు, ఒకే ధర

తెలంగాణలో చెట్టు మీంచి పడి చనిపోతే కుటుంబానికి 5 లక్షల రూపాయల పరిహారం. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి కూడా 5 లక్షలు ఇస్తామని 2024లో ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. గీత కుటుంబంలో పుట్టి గల్ఫ్‌కు వచ్చినవాడి ముందు ఉన్నవి ఈ రెండు దారులే. చెట్టెక్కినా, విమానమెక్కినా ప్రాణానికి కట్టిన లెక్క మాత్రం ఒకటే!

మా గౌడన్న చిన్నాయన చెట్టు మీంచి పడి నడుం విరిగి తొమ్మిదేళ్లు మంచంలో ఉన్నాడు. ఆ మంచం చూస్తూ పెరిగిన పిల్లాడు మోకు పట్టుకుంటాడా? పాస్‌పోర్టు పట్టుకున్నాడు. సైట్లో మాత్రం ఎత్తులో పని అంటే వాడే ముందు. పరంజా మీద కాలు వణకని మనుషులు కావాలంటే గౌడన్నల పిల్లలనే పిలుస్తామంటే అతిశయోక్తి కాదు. నాలుగు తరాల విద్య ఆ కాళ్లలో ఉంది మరి.

మొన్న శుక్రవారం వాళ్ల నాయనతో ఫోన్లో మేమందరం మాట్లాడాం. ‘నువ్వొచ్చి చెట్టెక్కుతనంటే ఎక్కనియ్య బిడ్డా. చెట్లు కొట్టేద్దామంటే కొట్టనియ్య’ అన్నాడాయన. ‘మరేం చేద్దాం నాయనా?’ అంటే, ‘గది నువ్వే చెప్పాలె, సదువుకున్నోనివి’ అని ఫోను పెట్టేశాడు. మాలో ఎవరం ఏమీ అనలేకపోయాం.

కల్లు పేరు మీద విషం

గీత చేతులు తగ్గిన చోటల్లా ఇంకొకటి చేరుతోంది. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. తేడా ఎలా పూడుస్తారు? నీళ్లలో శాకరిన్ కలిపి, నిద్రమందులైన క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రాజోలమ్ కలిపి కల్లని అమ్ముతారు. అలవాటైనవాడికి అది ఒక్కరోజు దొరక్కపోయినా చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూసేసరికి హైదరాబాద్ ఎర్రగడ్డ ఆస్పత్రికి జనం అలాగే పరుగెత్తారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. జంటనగరాల్లో 2004లో మూతపడి 2014లో మళ్లీ తెరిచిన కల్లు దుకాణాల మీద అప్పుడు పెద్ద దుమారమే లేచింది.

ఇలాంటివి జరిగినప్పుడల్లా చెడ్డపేరు మాత్రం చెట్టెక్కేవాడికే వస్తుంది. చెట్టు కింద, లొట్టి దించిన చోట, గీసినవాడి చేతి మీదుగా తాగిన కల్లులో మందు కలిసే సందే లేదు. దూరం పెరిగేకొద్దీ, చేతులు మారేకొద్దీ కల్తీ చేరుతుంది. వైన్‌వాళ్లు సీసా మీద తోట పేరు ఎందుకేస్తారో ఇప్పుడు అర్థమవుతుంది కదా! తప్పు జరిగితే ఎవరి తలుపు తట్టాలో తెలియడానికి. మన మండువల్లో కూడా ‘ఈ కల్లు ఫలానా వనానిది, గీసింది ఫలానా వారు’ అని పలక మీద సుద్దముక్కతో రాసిపెట్టినా సగం కల్తీ ఆగుతుంది. ఇక తాగడం గురించి. తాగమని మేం ఎవరికీ చెప్పడం లేదు. తాగని ఇల్లే మేలైన ఇల్లు. తాగేవాడు మాత్రం ఏం తాగుతున్నాడో తెలుసుకుని తాగాలన్నదే మా మాట.

ఏం చేయొచ్చు?

మద్యం దుకాణాల్లో తెలంగాణ ప్రభుత్వం 2021 నుంచి గౌడ కులస్థులకు 15 శాతం కేటాయించింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా గీత కులాలకు 10 శాతం దుకాణాలు కేటాయించారు. మంచిదే. కాకపోతే దుకాణం దక్కినవాడు మోకు పట్టే అవసరం ఉండదు, మోకు పట్టేవాడికి దుకాణం దక్కే స్తోమత ఉండదు. చెట్టు నిలవాలంటే చెట్టు దగ్గరే ఏదైనా చేయాలి.

మా ఇంట్లో రాత్రుళ్లు కూర్చుని లెక్కలేసి అనుకున్నవి ఇవి. ఊరికి ఒక చల్లబరిచే పెట్టె పెట్టి సహకార సంఘం ద్వారా నీరా కొనాలి. తాటిబెల్లానికి మంచి గిరాకీ ఉంది, దాన్ని ఊళ్లోనే కాయాలి. చిన్న గ్రామాల్లో పదిమంది కలిసి వనం చూసుకుంటే, ఎవడికీ రోజూ పదిహేను చెట్లు ఎక్కే ఖర్మ పట్టదు. పొట్టి ఈతచెట్లు చెరువుకట్టల మీద ఎక్కువగా పెట్టాలి. నిచ్చెనతో గీసే ఎత్తులో ఉన్నంతకాలం ప్రాణభయం తక్కువ. ఇక గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లకు బెల్టు వాడకం, తాడు కట్టడం, మనిషిని దించడం వచ్చు. ఇక్కడి కంపెనీలు ఇచ్చిన శిక్షణ కాగితాలు పెట్టెల్లో మూలుగుతున్నాయి. వాళ్లను ఒక్కో మండలంలో శిక్షకులుగా పెట్టుకుంటే కాటమయ్య కిట్టు మేకుకు వేలాడకుండా నడుముకు ఉంటుంది. పెద్దవాళ్ల దగ్గర గీత విద్య, మన దగ్గర తాడు విద్య. ఈ రెండూ కలిసే కాలం ఇంకో పదేళ్లకు మించి లేదు. పెద్దవాళ్లు దిగిపోయాక చెక్కే చెయ్యి ఎక్కణ్నించి తెస్తాం?

గీత కులంలో పుట్టి 1708లో వరంగల్ కోట మీదికి దండెత్తిన సర్దార్ సర్వాయి పాపన్నకు ఊరూరా విగ్రహాలు పెడుతున్నాం. పెట్టాల్సిందే. ఆయన ఎక్కిన చెట్లకు వారసులను కూడా వెతకాలి.

మా గౌడన్న డిసెంబర్‌లో సెలవు పెట్టాడు. చెట్టెక్కడానికి కాదట. సైట్లో వాడి పక్కన పడేసిన బెల్టులు కాకుండా కొత్తవి రెండు, తాళ్లు రెండు సొంత డబ్బుతో కొన్నాడు. నాయనకు బెల్టు తొడిగి, కింద తాను తాడు పట్టుకుని నిలబడతాడట. నెల రోజులు అలా నేర్చుకుని, వనం చూసుకునే మనుషులు ఇంకో ముగ్గురు దొరికితే ఉండిపోతాడు. దొరక్కపోతే జనవరిలో తిరిగొచ్చేస్తాడు. టికెట్ మాత్రం రానుపోను తీసుకున్నాడు. మీ ఊళ్లో, మీ వనంలో ఆ ముగ్గురు ఎవరో ఒకసారి ఇంటికి ఫోన్ చేసి అడగండి.